తరుగు లేని తూకం

గంప ఎత్తుతుంటేనే కోటిరత్నానికి తేడా తెలిసిపోయింది.

రేపల్లె స్టేషన్‌లో తెనాలి ప్యాసింజరు బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. ప్లాట్‌ఫారం మీద నాలుగు గంపలు, వాటి మీద తడి గోనెపట్టాలు, పట్టాల కింద బతికున్న మండపీతలు. ఒక పక్క తను, ఇంకో పక్క బసవమ్మ పట్టుకుని మొదటి గంపను పెట్టెలోకి ఎక్కించబోతే అనుకున్నదానికంటే బరువుగా తగిలింది. పీతల బరువు ఆమె చేతులకు కొత్తది కాదు. దిబ్బపాలెం కోడలై వచ్చిన నాటినుంచీ మోస్తున్నదే. పీతలు ఇంత బరువుండవు.

“ఏంటత్తా, ఇందులో రాళ్ళేమన్నా వేశారా?”

“కండపట్టిన పీతలే తల్లీ. ముందు ఎక్కించు, కూత వేసేశాడు,” అంది బసవమ్మ. అని, ఆమె మొహం చూడకుండా గంప అడుగున చెయ్యి పెట్టి ఒక్క తోపు తోసింది.

బండి కదిలాక, ఊపిరి తీసుకుని, కోటిరత్నం గోనెపట్టా ఎత్తి చూసింది. పైనున్న పీతను వీపు దగ్గర పట్టుకుని వెలుగులోకి తిప్పింది. ముందరి రెండు డెక్కలనూ మడిచి కట్టింది సన్న దారంతో కాదు. మంచాలకు అల్లే నులకతో. రాత్రంతా నీళ్ళలో నానేసిన నులక, మూడు చుట్లు తిప్పి బిగించారు. కాళ్ళ సందుల్లో బురద కూడా కడగలేదు. దాని పక్కది చూసింది. అదీ అంతే. రెండో గంప పట్టా ఎత్తింది. మూడోది ఎత్తాల్సిన పని లేకపోయింది.

ఆమె ముడులను ఒక్కొక్కటే వేలితో తడిమి చూసింది.

దిబ్బపాలెం రేపల్లెకు అవతల, ఏటి పాయ సముద్రంలో కలిసేచోట, మడచెట్ల నడుమ ఉన్న చిన్న పల్లె. మగవాళ్ళు చిన్న పడవల మీద వెళ్ళి పీతల బుట్టలు వేస్తారు. ఆడవాళ్ళు వాటిని కట్టి అమ్ముతారు. అమ్మడమంటే ఇన్నేళ్ళూ ఒకటే దారి: పూర్ణచంద్రరావు షెడ్డు. అక్కడ కాటా మీద ఎంత పలికినా, అందులోంచి తరుగు తీసేస్తారు. తాడు బరువు, బురద బరువు, నీటి బరువు అని దానికి పేర్లు. ఎంత తీయాలన్నది ఆయన నోటి మాట. పైగా పీత కడుపు వేలితో నొక్కి, ‘డొల్ల, నీటి పీత’ అని పక్కకు విసిరితే దాని ధర సగానికి సగం. ఆ పక్కకు విసిరినవే సాయంత్రానికి మంచి పీతలతో కలిసి లారీ ఎక్కేవని అందరికీ తెలుసు.

దానికి దిబ్బపాలెం వాళ్ళు కనిపెట్టుకున్న విరుగుడే నులక. ఆయన తరుగు పెంచితే వీళ్ళు తాడు లావు చేశారు. వీళ్ళు తాడు లావు చేశారని ఆయన తరుగు పెంచాడు. ఇది ఎవరు మొదలుపెట్టారో చెప్పగలిగిన ముసలివాళ్ళు కూడా ఇప్పుడు లేరు. పిల్లలకు ఈత నేర్పినట్టే నులక నానేయడం నేర్పుతారు.

ఏడాది కిందట ఆడవాళ్ళంతా కలిసి సంఘం పెట్టుకున్నారు. కోటిరత్నం బాపట్ల ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి దాన్ని రిజిస్టరు చేయించింది. కాగితమైతే వచ్చింది గానీ కొనేవాళ్ళు రాలేదు. బాపట్లలో అడిగింది, రేపల్లెలో అడిగింది. పూర్ణచంద్రరావుతో మనకెందుకు గొడవ అన్నారు అందరూ. చివరికి తెనాలిలో మెస్సు నడిపే మాణిక్యాంబ సరేనంది. ఆమెతోపాటు కూరలు వండి అమ్ముకునే ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కలిశారు. మధ్యలో దళారి లేకుండా, ప్రతి ఆదివారం, ఏడాది పొడుగునా ఒకే ధర.

“నేను తరుగు కొయ్యను,” అంది మాణిక్యాంబ ఆ రోజు. “మీరు తాడు చుట్టొద్దు. సన్న దారం కట్టండి, కడిగి తీసుకురండి. ఒక్కసారి తేడా వచ్చిందా, రెండోసారి నా గుమ్మం తొక్కొద్దు.”

ఈ మాట పూర్ణచంద్రరావు చెవిన పడ్డాక షెడ్డు గేటు దగ్గర నిలబడి, వచ్చిన మగవాళ్ళందరూ వినేలా అన్నాడు. “వెళ్ళండి. మీ ఆడవాళ్ళు వెళ్తామంటే నేనెందుకు వద్దంటాను. ఆ తెనాలావిడ గెంటేసిన రోజు మళ్ళీ ఈ గేటు దగ్గరికే వస్తారు కదా. అప్పుడు తరుగు ఎంతో నేను చెబుతాను.”

ఈ ఆదివారం తీసుకెళ్తున్నది ఆ బేరానికి మొదటి సరుకు.

నిన్న సాయంత్రం పీత పీతనూ కడుపు నొక్కి చూసింది కోటిరత్నమే. డొల్లవాటిని తీసేసింది. కట్టడం మాత్రం ఎవరి వాకిట్లో వాళ్ళకు వదిలేసింది. దారం ఉండలు ఇంటింటికీ తనే పంచింది. తెల్లారి మొగుడు గంగరాజు గంపలన్నీ సంఘం కాటా మీద తూచి, “నలభై కిలోలు” అని తెనాలికి ఫోన్ చేసి చెప్పి, ఆటో ఎక్కించాడు. పట్టా ఎత్తి చూడాలన్న ఆలోచన ఆమెకు రాలేదు. తన మనుషులే కదా.

“అత్తా.”

“ఊఁ.”

“ఇది మా ఆయన ముడి. ఎడమ చేతివాటం, నాకు తెలుసు. మరి ఇదెవరిది?”

“ఎవరిదో.”

“కొస లోపలికి దోపేది ఊరు మొత్తానికీ నువ్వొక్కదానివే గదా.”

బసవమ్మ కిటికీలోంచి కాసేపు పొలాలు చూసింది. వయసులో పెద్దది, ఎవరికీ తల వంచే మనిషి కాదు.

“దారం ఉండ ముందర పెట్టుకునే కూర్చున్నానే కోటీ,” అంది చివరికి. “ఒట్టు. చేతులు నులక మీదికే పోయినయ్. సన్న దారం కడుతుంటే మనమే మోసపోతున్నట్టు అనిపించింది. పట్నపావిడ తరుగు కొయ్యనంటే నిజంగా కొయ్యకుండా ఉంటదా? ఎవరైనా ఉంటారా?”

కోటిరత్నం చేతిలోని పీతను మళ్ళీ గంపలో పెట్టింది. నిజానికి తనకూ ఆ అనుమానం లేకపోలేదు.

“ఏంటి వదినా, పీతలతో కబుర్లా?”

తల ఎత్తి చూస్తే ఎదురు సీటులో శివనాగరాజు. గంగరాజుకు బాబాయి కొడుకు, వరసకు మరిది. పూర్ణచంద్రరావు షెడ్డులో తూకం రాసేది అతనే. ఇస్త్రీ చొక్కా, చేతిలో పెద్ద ఫోను.

“నీకు ఆదివారం కూడా సెలవివ్వడా మీ రావుగారు?”

“సెలవేంటి వదినా, డ్యూటీలోనే ఉన్నా. ఆడవాళ్ళు ఒంటరిగా వెళ్తున్నారు, తెనాలి దాకా తోడెళ్ళిరా అన్నారు.”

“మాకు తోడెందుకు, పీతలున్నాయిగా.”

“ఉన్నాయి, బరువుగానే ఉన్నాయి. ఎక్కించేటప్పుడు చూశాను.” అతను నవ్వి, ముందుకు వంగి గొంతు తగ్గించాడు. “నీ మంచికే చెబుతున్నా. మా రావుగారు నిన్న ఆ మెస్సావిడకు ఫోన్ చేశారు. పీతలు కొంటున్నారంట కదమ్మా, తాడు విప్పి తూయించుకోండి అన్నారు. అంతే. చెడ్డ మాటేం కాదుగా?”

చెడ్డ మాట కాదు. కోటిరత్నం చేసుకున్న ఒప్పందం కూడా అదే. కానీ పూర్ణచంద్రరావుకు దిబ్బపాలెం చేతులు తెలుసు. ఆ చేతులకు ఆ అలవాటు పడింది ఆయన కాటా ముందే.

బండి పల్లికోనలో ఆగి కదిలింది. ఆమె బుర్ర మాత్రం ఒక్కచోట ఆగడం లేదు. ఇట్టాగే తీసుకెళ్తే తెనాలిలో తాడు విప్పుతారు. ముగ్గురు కొనేవాళ్ళ ముందు ఊరి పరువు నులక రూపంలో కుప్ప పడుతుంది. పోనీ, దారిలోనే విప్పేసి సన్న దారం కడితే? వీడు ఎదురుగా కూర్చున్నాడు. చేతిలో ఫోనుంది. దొంగ సరుకు దారిలో సర్దుకుంటున్నారు చూడండని నిమిషంలో పంపేస్తాడు.

“ఊరుకో కోటీ,” అని గొణిగింది బసవమ్మ. “అక్కడికెళ్ళాక నాలుగు మంచి మాటలు చెబుదాం. ఈసారికి ఆమెనే ఇంత తరుగు కోసుకోమందాం.”

“మొదటి రోజే తరుగు కోసుకోమంటే ఇంక రేపటినుంచి ఆమెకూ రావుగారికీ తేడా ఏముంటది?”

కోటిరత్నం బసవమ్మ కాళ్ళ దగ్గరున్న సంచి వంక చూసింది.

“నీ సంచిలో వలదారం ఉందా అత్తా?”

“ఉంది. వల అల్లుకుందామని తెచ్చుకున్నా.”

“తియ్యి. కత్తి కూడా తియ్యి.”

శివనాగరాజు ఫోను నిలువుగా పట్టుకుని సర్దుకు కూర్చున్నాడు. కోటిరత్నం అతని వంక ఒకసారి చూసింది. “బాగా తియ్యి మరిదీ. మొహం కూడా పడాలి,” అని కొంగు నడుముకు దోపి నేల మీద గొంతుక్కూర్చుంది.

మండపీతకు కట్టు కట్టడం గట్టు మీద కూర్చుని చేసే పని. నేల కదలకూడదు. కాలి మడమతో పీత వీపు నొక్కిపట్టి, ఒక చేత్తో రెండు డెక్కలూ లోపలికి మడిచి, ఇంకో చేత్తో దారం తిప్పాలి. పాత కట్టు విప్పేటప్పటికీ కొత్త కట్టు బిగించేటప్పటికీ మధ్య ఉన్న క్షణం పీతది. ఆ క్షణంలో వేలు దొరికితే ఎముక దాకా దిగుతుంది. దిబ్బపాలెంలో మొండివేలు లేని ఇల్లు అరుదు. అలాంటి పని ఊగే రైలుపెట్టెలో ఎవరూ చేయగా ఆమె చూడలేదు.

బసవమ్మ నులక కోస్తోంది. కోటిరత్నం కడుతోంది. కోసిన నులకనంతా ఖాళీ సంచిలో వేస్తున్నారు. బురద ఊడ్చి గోనెపట్టాతో తుడుస్తున్నారు. చుట్టుపక్కల జనం మొదట వింత చూశారు. ఒక పీత చేయి జారి సీట్ల కిందికి పరుగు తీసేసరికి అందరి కాళ్ళూ పైకి లేచాయి.

“అమ్మా, తినేదాన్ని సంచిలో పెట్టుకోవాలి గానీ మా మీదికి వదులుతారేంటి?” అన్నాడు పైసీటు మీదికి ఎక్కి కూర్చున్న పెద్దాయన.

“అది టికెట్ తీసుకుంది బాబాయ్, కూర్చోడానికి చోటు చూసుకుంటోంది,” అంది బసవమ్మ దాని వీపు మీద చెప్పు వేసి నొక్కుతూ. నవ్వులు లేచాయి. కోటిరత్నం నవ్వలేదు. మొదటి గంప పూర్తయింది, భట్టిప్రోలు వెళ్ళిపోయింది. ఇంకా మూడు గంపలున్నాయి.

రెండో గంప కూడా అయింది. చేతులకు లయ కుదిరింది. కుదిరిందనుకుంటూ ఉండగానే, వేమూరు దగ్గరలో బండి ఉన్నట్టుండి బ్రేకు వేసింది. ఆమె మడమ పక్కకు జారింది. అరచేతి వెడల్పు డెక్క విప్పుకుని ఆమె ఎడమచేతి బొటనవేలిని పట్టేసింది.

ఆమె అరవలేదు. పళ్ళ మధ్యనుంచి గాలి పీల్చిన చప్పుడొచ్చింది. కళ్ళ ముందు పెట్టె ఒకసారి చీకటై మళ్ళీ వెలిగింది. బతికున్న పీత డెక్కకు బిగుసుకోవడమే గానీ సడలడం తెలియదు. గుంజితే ఇంకా బిగుస్తుంది.

“విరగ్గొట్టు,” అంది బసవమ్మ. “డెక్క విరిచెయ్యి కోటీ. ఇటియ్యి, నేను విరుస్తా.”

“వద్దు.”

“వేలు పోతదే.”

“డెక్క లేని పీత ఆమె తీసుకోదు. విరిగిన డెక్కలు తెచ్చారంటే దానికీ ఓ కథ చెప్పాలి. ఆగు. అదే వదులుద్ది.”

రక్తం మణికట్టు మీదుగా కారి నేల మీద చుక్కలుగా పడుతోంది. పైసీటు మీది పెద్దాయన “ఎవరైనా చూడండయ్యా” అంటున్నాడు. కోటిరత్నం చేతిని కదపకుండా, పీతను నేల మీద ఆనించి, తల వంచి కూర్చుంది. ఆమె మనసులో ఒకటే ఉంది. ఈ వేలు కాదు, ఆ షెడ్డు గేటు. ఆ గేటు దగ్గర ఊళ్ళో మగాళ్ళంతా తువ్వాళ్ళు చేతిలో పట్టుకుని నిలబడటం.

ఉన్నట్టుండి ఆమె చేతి మీద చల్లగా నీళ్ళు పడ్డాయి. శివనాగరాజు ఫోను సీటు మీద పడేసి ఎప్పుడు దిగాడో, పక్కన మోకాళ్ళ మీద ఉన్నాడు. గోనెపట్టా తడిపి పీత కళ్ళ మీద మెత్తగా కప్పాడు. రెండో చేత్తో దాని వెనక కాళ్ళ కింద అరచెయ్యి పెట్టి నేల ఆధారం దొరికినట్టు చేశాడు. అతని తండ్రి కూడా మడల్లో పీతలు పట్టినవాడే.

“కదలకు వదినా. చీకటి చేస్తే కుదురుకుంటది.”

బండి వేమూరులో ఆగింది. మనుషులు దిగారు, ఎక్కారు. మళ్ళీ కదిలింది. అప్పుడు మెల్లగా, తనకే విసుగొచ్చినట్టు, డెక్క తెరుచుకుంది.

శివనాగరాజు ఆ పీతను అక్కడే కట్టేశాడు. సన్న దారంతో, రెండు తిప్పుల్లో. లేచి చేతులు తుడుచుకుంటూ సీటులో కూర్చుని ఫోను తీసుకుని ఏదో నొక్కాడు. అతని మొహం బాగోలేదు.

“తీసినంతవరకూ పంపేశాను వదినా,” అన్నాడు కిటికీ వైపు చూస్తూ. “ఆ మెస్సావిడకే. రావుగారు నంబరిచ్చారు.”

“నీ పని నువ్వు చేశావు,” అంది కోటిరత్నం. వేలికి గుడ్డపీలిక చుట్టుకుంది. “కత్తి ఇటివ్వత్తా. ఇది కాక ఇంకో గంప ఉంది.”

తెనాలి బయట సిగ్నల్ కోసం బండి చాలాసేపు నిలబడిపోవడం ఆ రోజుకు కలిసొచ్చింది. ఆఖరి పీతకు ఆఖరి ముడి పడ్డాకే ప్లాట్‌ఫారం కనపడింది.

మాణిక్యాంబ మెస్సు స్టేషన్ నుంచి ఆటోలో ఎంతో దూరం లేదు. మెట్ల మీద ఆమె కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. అటూ ఇటూ కూరల కొట్ల ఆడవాళ్ళిద్దరూ నిలబడి ఉన్నారు. వంటావిడ కమలమ్మ గుమ్మంలో నిలబడి చేతులు తుడుచుకుంటోంది. మెట్ల కింద స్టూలు మీద ఎలక్ట్రానిక్ కాటా. అందరికంటే ముందు కోటిరత్నం కంట పడింది మాణిక్యాంబ ఒళ్ళో ఉన్న ఫోను. శివనాగరాజు రోడ్డు అవతల టీకొట్టు దగ్గరే ఆగిపోయాడు.

“రా కోటిరత్నం. వేలికేమైంది?”

“పీత పట్టిందండి.”

“ఊఁ. ఎన్ని కిలోలు?”

“పొద్దున నలభై అని చెప్పామండి. కానీ నలభై ఉండవు.”

“ముందు తూద్దాం.”

గంపలు ఒక్కొక్కటే కాటా మీద పెట్టి, ఖాళీ గంప బరువు తీసేసి లెక్క కట్టారు. కూరల కొట్టావిడ ఒకామె కూడి చెప్పింది. ముప్పై ఒకటిన్నర.

“నలభై ఎక్కడ, ముప్పై ఒకటెక్కడ?” అంది ఆమె. “ఆ ఫోన్ చేసినాయన చెప్పినట్టే ఉందే అక్కా.”

కోటిరత్నం ఏమీ అనకుండా సంచి తెచ్చి కాటా మీద పెట్టింది. మూతి విప్పింది. తడి నులక, బురద పట్టిన ముడులు పైకి కనిపించాయి.

“మిగతాది ఇదండి. మావాళ్ళు అలవాటు కొద్దీ కట్టారు. నేను చూసుకోలేదు, అది నా తప్పే. బండిలో విప్పేశాం. ఇది మీకు అమ్మడానికి తేలేదు, చూపించడానికి తెచ్చా.”

కాటా నాలుగున్నర చూపించింది.

రెండూ కలిపితే ముప్పై ఆరు. కోటిరత్నం మనసులో ఇంకోసారి కూడుకుంది. ముప్పై ఆరే. పొద్దున సంఘం కాటా మీద నలభై. నాలుగు కిలోలు ఎక్కడికి పోయినట్టు? బురదా? గుప్పెడు బురద. తాడు సంగతి ఒప్పుకోవచ్చు, చూపించడానికి తాడుంది. లేని నాలుగు కిలోలకు చూపించడానికి ఏముంది? కూరల కొట్టావిడ కళ్ళు అదే అడుగుతున్నాయి. బసవమ్మ వెనకనుంచి ఆమె కొంగు పట్టుకుని లాగింది, వెళ్ళిపోదాం పద అన్నట్టు.

మాణిక్యాంబ ఆ సంచి వంక చూసింది. కాటా వంక చూసింది. తర్వాత ఫోను ఎత్తి అందరికీ కనపడేలా తిప్పింది. అందులో పెట్టె నేల మీద గొంతుక్కూర్చున్న కోటిరత్నం కనిపించింది. మడమ కింద పీత, చేతిలో దారం. ఉన్నట్టుండి బొమ్మ ఊగి, పెట్టె పైకప్పు మీద ఆగిపోయింది.

“ఇందాకట్నించీ ఇది చూస్తూ కూర్చున్నా,” అంది. “పంపినాయన ఏదో రాశాడు కింద, దొంగలు దొరికారని. నేను ముప్పై ఏళ్ళుగా బజారు చేస్తున్నాను. దొంగతనం చేసేవాళ్ళు దారిలో బరువు దించుకోరు. తూకం అయ్యాక దించుకుంటారు.”

ఆమె కుర్చీలోంచి లేచి ఒక పీతను తీసి, వేలితో కడుపు నొక్కి చూసి, మళ్ళీ గంపలో పెట్టింది. నిలబడి కొంచెంసేపు ఏదో ఆలోచించుకుంది. తర్వాత వెనక్కి తిరక్కుండానే అంది.

“కమలా, ఈ కాటా లోపల పెట్టేసి, పూజగది పక్కన ఉన్నది తీసుకురా.”

కమలమ్మ కదల్లేదు. “అదా అమ్మా?”

“అదే.”

కమలమ్మ ఇంకోసారి ఆమె మొహం చూసి లోపలికి వెళ్ళింది. కాస్త చిన్నది, పాతది, మూలలు తుప్పు పట్టినది తెచ్చి స్టూలు మీద పెట్టింది. గంపలు మళ్ళీ ఒక్కొక్కటే ఎక్కాయి. కూరల కొట్టావిడ మళ్ళీ కూడింది. ఈసారి ముప్పై అయిదు. సంచి పెట్టారు. అయిదు.

నలభై.

బసవమ్మ కోటిరత్నం కొంగు వదిలేసింది. “ఓహో,” అంది మెల్లగా.

“బజారు వాళ్ళు చేపల మీద నీళ్ళు పోసి తెస్తారు,” అంది మాణిక్యాంబ, ఎవరికి చెబుతోందో తెలియకుండా. “వాళ్ళకోసం తక్కువ చూపేలా పెట్టుకున్న కాటా, ఇందాకటిది. పొద్దున దాన్నే బయట పెట్టేశాం.”

పొరపాటున పెట్టారో, చేతులకు అలవాటై పెట్టారో ఆమె చెప్పలేదు. కోటిరత్నం అడగలేదు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. రైలులో బసవమ్మ అడిగిన ప్రశ్న కోటిరత్నానికి గుర్తొచ్చింది. తరుగు కొయ్యకుండా ఎవరైనా ఉంటారా అని.

“నేను ముప్పై అయిదుకే ఇస్తాను. తాడుకు ఇవ్వను,” అంది మాణిక్యాంబ.

“తాడుకు ఇస్తానన్నా నేను తీసుకోనండి.”

“వచ్చే ఆదివారం నలభై కావాలి. పీతలు నలభై.”

“ఇట్టాగే ఈ కాటా మీదే తూచాలండి.”

కూరల కొట్టావిడ కిసుక్కున నవ్వింది. మాణిక్యాంబ నవ్వలేదు గానీ, గోడకు తిప్పి పెట్టిన నల్లబోర్డును కమలమ్మ చేత ఇటు తిప్పించింది. దాని మీద అప్పటికే రాసి ఉంది: నేటి కూర, దిబ్బపాలెం ఆడవాళ్ళు తెచ్చిన మండపీతలు. మళ్ళీ తుడిచేయాల్సి వస్తుందేమోనని గోడకు తిప్పి ఉంచింది కాబోలు.

రోడ్డు అవతల టీకొట్టు దగ్గర శివనాగరాజు ఫోను మోగుతోంది. అతను తీసి చూసి, చొక్కా జేబులో వేసుకుని, ఇంకో టీ చెప్పాడు.

మధ్యాహ్నం ఎండలో ఇల్లు చేరేసరికి గంగరాజు వాకిట్లో పీతల బుట్టకు చిల్లు అల్లుకుంటున్నాడు. ఆమె వేలి కట్టు చూసి లేచాడు. చేయి పట్టుకోబోతే ఆమె ఇవ్వలేదు. నులక సంచి తెచ్చి అతని కాళ్ళ దగ్గర బోర్లించింది. ముడులన్నీ కలిసి చప్పుడు చేస్తూ పడ్డాయి. అతని ఎడమచేతి ముడులు పైనే ఉన్నాయి.

“ఇది ఆమె కొనలేదు,” అంది.

గంగరాజు వంగి ఆ కుప్పను వేళ్ళతో కెలికాడు. ఊళ్ళో సగం ఇళ్ళ ముడులు అందులో ఉన్నాయి.

“పోయిందా బేరం?”

“పోలేదు.”

“తరుగు ఎంత కోసింది?”

“ఏమీ కొయ్యలా.”

“ఏమీ కొయ్యకపోవడమేంటి?” అతను నమ్మలేదు. “మరి ఎక్కడ పట్టుకుంది? ధరలోనా? డొల్లలని తీసేసిందా?”

“తియ్యలా.”

“కాటాలో పట్టుకుని ఉంటది.”

కోటిరత్నం అతని మొహంలోకి చూసింది. మొగుడి తెలివికి నవ్వాలో, ఏడవాలో తెలియలేదు. “పట్టుకుందయ్యా. మళ్ళీ వదిలేసింది,” అంది.

అతనికి అది ఏ మాత్రం అర్థం కాలేదు. కానీ ఆమె ఇంకేమీ చెప్పే ఉద్దేశంలో లేదని అర్థమైంది. నిలబడి గడ్డం గోక్కున్నాడు.

“ఆదివారం వాళ్ళకు నలభై కావాలంట,” అంది ఆమె లోపలికి వెళ్తూ. “పీతలు నలభై. పూర్ణచంద్రరావు ఊరుకోడు, వాడి మనిషి మళ్ళీ బండెక్కుతాడు. ప్రతి ఆదివారం ఎక్కుతాడు. నేను ప్రతిసారీ రైల్లో కూర్చుని వేళ్ళు కోసుకోలేను.”

“మరి ఇదంతా ఏం చెయ్యను?”

“మంచం అల్లు. ఎన్నాళ్ళనుంచి నడుం నేలకు తగులుతోంది.”

లోపల కుండలోంచి నీళ్ళు ముంచుకుని తాగుతూ ఆమె చెవులు బయటికే పెట్టింది. తర్వాత తడి ముడులు ఒకటొకటిగా విప్పుతున్న చప్పుడు. పక్కింటి వాకిట్లోంచి ఎవరో ఏంటది గంగరాజూ అని అడగడం, అతను ఏదో గొణగడం. ఆ తర్వాత గుమ్మంలో అతని నీడ పడింది.

“ఆ సన్న దారం ఉండ,” అన్నాడు, ఇంకెటో చూస్తూ. “నువ్విచ్చింది. చూరులో పెట్టినట్టున్నా. కనబడటం లేదు.”

“నీ నెత్తి మీదే ఉంది చూసుకో,” అంది కోటిరత్నం.